నాబ్ అరవైలో ఉండాలి

పంప్‌హౌస్‌లో ఆయన్ని సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరు వేసే గుమస్తా కూడా "పాముచెవి గారూ, సంతకం" అనేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన వారానికే, గోడ అవతల తిరుగుతున్న మోటారు చప్పుడు విని "బేరింగ్ పోతోంది, ఆపండి" అన్నాడట. అందరూ నవ్వారట. విప్పి చూస్తే నిజంగానే పోతోంది. ఇంకేముంది, వీడివి పాము చెవులురా అన్నారు. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. ఆయనకూ అది నచ్చింది. నచ్చకేం, మనిషికి అలాంటి బిరుదు ఊరికే వస్తుందా?

ఆయన రాజ్యమల్లా పదడుగుల గది. అందులో నీలం రంగు డ్రమ్ము, డ్రమ్ములో క్లోరిన్ మందు. గోడకి కొట్టిన అరమీద, రెండు పిడికిళ్ళు కలిపితే ఎంతో అంత, ఒక చిన్న డోసింగ్ పంపు. పక్క హాల్లో పెద్ద మోటార్లు మూడు వీధులకీ, స్టాఫ్ క్వార్టర్స్‌కీ నీళ్ళు తోడుతూ రంకెలు వేస్తుంటే, ఇది మాత్రం తన మానాన తను టక్కు టక్కుమంటూ ఆ నీళ్ళలోకి మందు పొడుస్తూ ఉండేది.

రెండేళ్ళ కిందట రెండో షిఫ్టుకి ఒక అమ్మాయి చేరింది. మొదటి రోజే అడగకూడని ప్రశ్న అడిగింది.

"ఇంత పెద్ద మోటార్లుండగా ఈ బొమ్మ పంపెందుకు బాబాయ్? రోజుకో మగ్గు మందు ట్యాంకులో గుమ్మరిస్తే పోలా?"

"ఇంట్లో పసిపిల్లకి జ్వరమొస్తే సీసా మందంతా పొద్దున్నే ఒక్కసారి పట్టించేస్తావా?"

"అదేంటి, అలా ఎందుకు పట్టిస్తాం?"

"మరి నీళ్ళకి మాత్రం పట్టిస్తావేం? పొద్దున తాగినవాడికి గొంతు మండుతుంది, సాయంత్రం తాగినవాడికి మందే ఉండదు. ఆ పెద్ద మోటార్లున్నాయే, మొరటు దున్నపోతులు. ఎంత తోడుతున్నాయో వాటికే తెలీదు. అవతల ఒత్తిడి పెరిగితే తక్కువ తోడతాయి, తగ్గితే ఎక్కువ. ఇది అలా కాదు. ఒక్కో స్ట్రోకుకి, అంటే ఒక్కో తోపుకి, ఇంత అని ఒట్టేసుకుని పుట్టింది. తక్కువైనా ఎక్కువైనా ప్రాణం మీదికొచ్చే చోట ఇలాంటిదే పెట్టాలి."

ఆ పూట ఆయన మంచి ఊపులో ఉన్నాడు. పంపు ఆపి, ముందున్న తెల్లటి తల విప్పి చూపించాడు. లోపల దళసరి రబ్బరు బిళ్ళ. అది వెనక్కి లాగితే కింద ఉన్న చిన్న గోళీ లేచి మందు లోపలికి వస్తుంది. ముందుకి తోస్తే కింది గోళీ మూసుకుని, పై గోళీ లేచి మందు పైపులోకి పోతుంది. నాబ్‌లు రెండు. ఒకటి నిమిషానికి ఎన్ని స్ట్రోకులో చెబుతుంది, రెండోది ఒక్కో స్ట్రోకు ఎంత పొడుగో చెబుతుంది.

"ఇదిగో, ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకో. మందు తగ్గించాలంటే స్ట్రోకుల లెక్క తగ్గించు. పొడుగు జోలికి పోకు. ఈ మందు ఎండకి బుడగలు కడుతుంది. స్ట్రోకు పొడుగ్గా ఉంటేనే ఆ బుడగని బయటికి గెంటుతుంది. కురచ చేశావో, బుడగ లోపలే తిష్ఠ వేస్తుంది. నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. పంపు కొట్టుకుంటూనే ఉంటుంది, మందు మాత్రం చుక్క కదలదు. ఈ పొడుగు నాబ్ అరవైలో ఉండాలి. దేవుడు దిగొచ్చి చెప్పినా మార్చకు."

చెప్పినవాడు ఆయనే. ఈ సంగతి మాత్రం మరిచిపోకండి.

ఆ అమ్మాయికి చెవుల మీద నమ్మకం లేదు. డ్రమ్ముకీ పంపుకీ మధ్య గీతలున్న గాజుగొట్టం ఒకటి ఉండేది. డ్రమ్ము కుళాయి మూసి, గొట్టంలోని మందు పంపుకి పెడితే నిమిషంలో ఎన్ని గీతలు దిగిందో కనపడుతుంది. పన్నెండు గీతలు దిగాలి. ఆ అమ్మాయి షిఫ్టుకి రెండుసార్లు గడియారం పట్టుకుని ఆ గొట్టం ముందు నిలబడేది. పాముచెవి ఆమెకి 'కొలతమ్మ' అని పేరు పెట్టాడు. "ఏం కొలతమ్మా, పన్నెండేనా? పదకొండున్నర కాదుగా?" అని ఏడిపించేవాడు. ఆయన మాత్రం పన్నెండేళ్ళుగా ఆ గొట్టం ముట్టుకోలేదు. మందు నిండుగా కదులుతుంటే గోళీ టక్కుమని గట్టిగా కూర్చుంటుంది, గాలి చేరితే మెత్తగా పడుతుంది. ఆ తేడా ఆయనకి గుమ్మం దగ్గరే తెలిసిపోతుందని అందరి నమ్మకం.

ఈ ఏడు ఎండలు ముదిరే ముందు గాజుగొట్టం పగిలింది. నీళ్ళలో మందు ఎంతుందో రంగు చూసి చెప్పే చుక్కల సీసా అంతకు నెల ముందే అయిపోయింది. రెండింటికీ కాగితం పంపారు. పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"చుక్కలూ లేవు, గొట్టమూ లేదు. ఇక దేన్ని చూసి నమ్మాలి బాబాయ్?" అంది కొలతమ్మ.

"నన్ను చూసి."

అప్పటికి ఆయన చెవులు పోయి మూడేళ్ళు.

ఒక్కసారిగా పోలేదు. ముందు పిట్టల కూత పోయింది, తర్వాత పక్కగదిలో మాటలు, తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ళ మాటల్లో సగం. ముప్ఫై ఏళ్ళు ఆ దున్నపోతుల పక్కన నిలబడితే ఎవరి చెవులైనా ఏమవుతాయి? కానీ పాముచెవి అనిపించుకున్నవాడు నాకు చెవుడు అని ఏ మొహంతో చెబుతాడు? చెప్పలేదు. మనుషుల పెదాలు చూసి సగం అర్థం చేసుకుని, మిగతా సగానికి తలాడించేవాడు. గదిలోకి రాగానే పంపు మీద అరచెయ్యి వేసేవాడు. అదురు తగిలేది. నిమిషానికి అరవై స్ట్రోకులు. సరిపోయింది అనుకునేవాడు. అరచేతికి స్ట్రోకు తెలుస్తుంది గానీ, గోళీ గట్టిగా పడిందో మెత్తగా పడిందో తెలియదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసి తెలిసి పెడచెవిన పెట్టాడు.

"పాముకి అసలు చెవులే ఉండవట బాబాయ్. అదురు పట్టి తెలుసుకుంటుందట" అని ఒకరోజు కొలతమ్మ నవ్వింది. పాపం, ఏదో చదివిన ముక్క చెప్పింది అంతే. ఆయన చప్పున పంపు మీంచి చెయ్యి తీసేశాడు.

ఈ గుట్టు కనిపెట్టింది ఒక్కతే, ఏడేళ్ళ మనవరాలు. క్వార్టర్స్‌లోని ఇంట్లో దాన్ని పిడుగు అంటారు. వెనకనుంచి "తాతా, నీ నెత్తిన బల్లి!" అని మూడుసార్లు అన్నా ఆయన కదలకపోయేసరికి దానికి అర్థమైపోయింది. "ఎవరికీ చెప్పను తాతా, ఒట్టు" అంది. చెప్పలేదు కూడా. అప్పట్నుంచి ఏం చెప్పాలన్నా ఒళ్ళో ఎక్కి, కుడిచెవి దగ్గర రెండు చేతులూ దోసిలిలా పెట్టి అరిచేది. ఆ ఇంట్లో పూర్తిగా వినిపించే గొంతు అదొక్కటే. దాని కోసం ఆయన ప్రాణం ఇచ్చేస్తాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు అది ఒళ్ళోకెక్కి అరిచింది.

"తాతా! నీళ్ళు కంపు! మందు కంపు! నేను తాగను!"

అన్నట్టే తాగలేదు. బడికి సీసా పట్టుకెళ్ళి నిండుగా తిరిగి తెచ్చేది. రెండో రోజుకి ఒంటేలు మంటని ఏడ్చింది. నీళ్ళకి వాసన ఎక్కువైన మాట నిజమే. కొత్త డ్రమ్ములో మందు ఘాటుగా ఉంది. మామూలుగా అయితే ఏం చెయ్యాలి? స్ట్రోకుల లెక్క తగ్గించాలి. కానీ లెక్క తగ్గిస్తే టక్కు టక్కు నెమ్మదిస్తుంది. కొలతమ్మ విని ఎందుకని అడుగుతుంది, రిజిస్టర్లో రాయమంటుంది. మనవరాలు ముక్కు మూసుకుందని రిజిస్టర్లో రాస్తారా? పొడుగు తగ్గిస్తే చప్పుడు లెక్క మారదు. ఎవరూ అడగరు.

పొడుగు నాబ్ మీద చిన్న మూత, దానికి తాళం. తాళంచెవులు రెండు, ఆయన దగ్గరొకటి, కొలతమ్మ దగ్గరొకటి. ఆయన తాళం తీశాడు. అరవైలో ఉన్నదాన్ని పాతికకి తిప్పాడు. మళ్ళీ మూత పెట్టేశాడు. మూత ఉంటే అంకె కనపడదు. నాలుగు రోజులే కదా, ఎండ తగ్గాక యథాస్థానం అనుకున్నాడు. ఆయనకి ఏం జరగొచ్చో తెలియదా? అక్షరం అక్షరం తెలుసు. నా చేతిలో పంపు నన్ను మోసం చేస్తుందా అన్న ధీమా.

మర్నాడు పిడుగు రెండు గ్లాసులు గటగటా తాగింది. "తాతా, బాగున్నాయి! నువ్వే బాగుచేశావా?" అని చెవిలో అరిచింది. "నేను కాక ఇంకెవరే" అన్నాడు. ఆ పూట ఆయన ఆనందం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాత రెండు రోజులకి షిఫ్టు మారేటప్పుడు కొలతమ్మ పంపు దగ్గర ఆగింది.

"బాబాయ్, సౌండు కాస్త మెత్తగా ఉన్నట్టు లేదూ?"

ఆయన ఆమె పెదాలు చూశాడు. మాట అర్థమైంది. చెవి ఒగ్గి విన్నట్టు నటించాడు. ఏమీ వినిపించలేదు.

"నాకు బాగానే వినిపిస్తోందమ్మాయ్. నీ చెవిలో గుబిలి తీయించుకో."

ఆ అమ్మాయి నవ్వేసింది. పెద్దాయన మాట మీద గురి. నమ్మి వెళ్ళిపోయింది.

ఎక్కడో రోడ్డు కింద పైపు చిట్లి మురుగు నీళ్ళు చుక్క చుక్కగా కలుస్తున్నాయట. ఎన్నాళ్ళ నుంచో కలుస్తున్నాయట. మందు ఉన్నన్నాళ్ళూ ఆ చుక్కలు ఎవర్నీ ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు చేశాయి. ఐదో రోజుకి మూడు వీధుల్లోనూ వాంతులు, విరేచనాలు. దర్జీ వాళ్ళమ్మ తెల్లవారేసరికి పోయింది. ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. ఆరో రోజు మధ్యాహ్నం బడి నుంచి వస్తూనే పిడుగు గుమ్మంలో కూలబడింది.

మూడు రోజులు ఆస్పత్రిలోనే. ఆ మూడు రోజులూ ఆయన నమ్మింది ఒక్కటే. ఇది నీళ్ళ వల్ల కాదు. తిండి అయ్యుంటుంది, ఎండ అయ్యుంటుంది, ఇంకేదైనా అయ్యుంటుంది. నా పంపు ఒక్క నిమిషం ఆగలేదు, చెయ్యి వేసి చూశాను కదా. కోడలు "నీళ్ళే అంటున్నారు మామయ్యా" అంటే కసిరాడు. "అనేవాళ్ళకేం, నోటికొచ్చిందల్లా అంటారు. నా పంపు సంగతి నాకు తెలీదా!" ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున ఇంజనీరు పంప్‌హౌస్‌కి వస్తున్నాడని కబురు. పిల్లకి కాస్త తెరిపిగా ఉందని నర్సు అంది. చేతికి సెలైను ఎక్కుతోంది. నర్సు గడియారం చూస్తూ బొట్లు లెక్కపెట్టి, చక్రం కొద్దిగా తిప్పి, మళ్ళీ లెక్కపెట్టింది. గంటకోసారి వచ్చి అదే పని. ఆయన అది చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మనవరాలి నుదురు నిమిరి, "పంపు సంగతి చూపించేసి గంటలో వస్తా" అని కోడలితో చెప్పి బయల్దేరాడు. పంపు తప్పు లేదని తేల్చేస్తే చాలు. పిల్ల జబ్బుకి కారణం తను కాకపోతే చాలు. ఆ పూట ఆయనకి కావలసింది అంతే.

ఇంజనీరు పొట్టి మనిషి, నిద్రలేని కళ్ళు. కొత్త గాజుగొట్టం, కొత్త చుక్కల సీసా ఆయనే తెచ్చాడు. చూడండి వింత, నెలల తరబడి కాగితాలు రాస్తే కదలనివి, మనుషులు చచ్చిపోతే నాలుగు రోజుల్లో కదిలాయి. కొలతమ్మ కుళాయి నీళ్ళు పట్టి చుక్కలు వేసింది. పసుపు రంగు రావాలి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"పంపు ఆగి ఉంటుంది" అన్నాడు ఇంజనీరు.

"ఆగలేదు సార్! తిరుగుతూనే ఉంది, చూడండి. ఒక్క స్ట్రోకు తప్పితే నా చెయ్యి నరికేయండి" అన్నాడు పాముచెవి.

కొలతమ్మ గొట్టం బిగించింది. పైగీత దాకా మందు నింపి, డ్రమ్ము కుళాయి మూసింది. ఇంజనీరు గడియారం పట్టుకున్నాడు. పంపు తల అదురుతోంది, దాని మీది చిన్న దీపం స్ట్రోకుకోసారి ఆరి వెలుగుతోంది, ఒకటి, రెండు, పది, ముప్ఫై. ముగ్గురూ గొట్టం వంకే చూస్తున్నారు. నిమిషం అయింది. మందు పైగీత మీదే ఉంది.

"ఇంకో నిమిషం చూడండి సార్" అన్నాడు ఆయన.

ఇంకో నిమిషం చూశారు. ఇంకోటి చూశారు. గీత దిగలేదు. చెవులు అబద్ధం చెప్పొచ్చు, చెయ్యి అబద్ధం చెప్పొచ్చు, గాజుగొట్టం చెబుతుందా?

ఇంజనీరు మూత తీయించాడు. నాబ్ పాతికలో ఉంది. రిజిస్టర్ చూశాడు. రోజూ రెండు పూటలా రెండు చేతిరాతల్లో 'అరవై' అని ఉంది.

"ఎవరు తిప్పారు దీన్ని?" అన్నాడు. అడిగింది ఇద్దర్నీ, చూసింది మాత్రం కొలతమ్మని. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన ఎక్కడ, రెండేళ్ళ కిందట చేరిన పిల్ల ఎక్కడ? "తాళం నీ దగ్గర కూడా ఉంది కదమ్మా? పోయినవాళ్ళు నలుగురు, తెలుసా? ఉద్యోగం పోవడం కాదు, జైలుకి పోతావు."

కొలతమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నేను ముట్టుకోలేదు సార్" అంది. బాబాయ్ వైపు తిరిగింది. చెప్పు బాబాయ్, నేనలాంటిదాన్ని కానని చెప్పు అన్నట్టు చూసింది. ఆ పిల్లకి ఇంకా అనుమానం రాలేదు. దానికంటే నరకం ఇంకోటి ఉందా?

"నేనే తిప్పాను" అన్నాడు ఆయన. "ఆ పిల్లకేం తెలీదు. మా మనవరాలు నీళ్ళు కంపంటే నేనే తిప్పాను."

ఇంజనీరు ఏదో గట్టిగానే అన్నాడు. ఆయన వినలేదు, వినాలనీ అనుకోలేదు. ముందు కొలతమ్మే తేరుకుంది. గాలి పోయే మర వదులు చేసి, నాబ్ వంద దాకా తిప్పింది. బుస్సుమని నురగ వచ్చింది, తర్వాత మందు వచ్చింది. మర బిగించి నాబ్ అరవైలో పెట్టింది. గొట్టంలో గీతలు దిగడం మొదలయ్యాయి.

"సౌండు మారింది, వినపడిందా?" అంది. బాబాయ్ అనలేదు.

"లేదమ్మా" అన్నాడు. "మూడేళ్ళ నుంచి నాకేం వినపడదు."

ఆమె గొట్టం వదిలేసింది. ఆ రోజు సౌండు మెత్తగా ఉందని తను అన్న మాట గుర్తొచ్చినట్టుంది, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి మెల్లిగా అడిగింది, అయినా పెదాలు చదివి పట్టుకున్నాడు. "ఆ రోజు మరి బాగానే వినిపిస్తోందన్నావు?"

ఆస్పత్రికి వచ్చేసరికి మంచం చుట్టూ జనం. తెరిపి అనుకున్నది తెరిపి కాదట, పిల్ల కిడ్నీలు పనిచెయ్యడం లేదట. కొడుకు మందుల కోసం కిందికి పరుగెత్తాడు. పిడుగు కళ్ళు తెరిచి తాతని చూసింది. పెదాలు కదిపింది. ఎండిపోయి, పగిలి, అట్టకట్టిన పెదాలు, చదువుదామన్నా అక్షరం తెలియడం లేదు. ఆయన వంగి కుడిచెవి దాని నోటి దగ్గర పెట్టాడు. ఊపిరి వెచ్చగా తగిలింది, అంతే. అరవడానికి దానికి ఓపిక ఎక్కడిది? దోసిలి పడదామని చెయ్యి ఎత్తబోయింది గానీ, సెలైను గొట్టం అడ్డొచ్చింది.

"ఏమందమ్మా? ఏమంటోంది?" అని కోడల్ని అడిగాడు.

కోడలు ఏడుస్తూ గట్టిగా చెప్పింది. "నీళ్ళు కావాలట మామయ్యా. తాత బాగుచేసిన నీళ్ళు కావాలట."

సాయంత్రం నాలుగింటికి నర్సు వచ్చి సెలైను చక్రం మూసేసింది. బొట్లు ఆగిపోయాయి.

అంతా అయిపోయి ఇంటికి వచ్చేసరికి మర్నాడు పొద్దెక్కింది. కొడుకు గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాముచెవి వరండాలో కూర్చున్నాడు. గోడకి మేకు, మేకుకి పిడుగు బడి నీళ్ళ సీసా వేలాడుతోంది. కోడలు వంటింట్లో కుళాయి తిప్పి గ్లాసు నింపింది. నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. గ్లాసు పట్టుకుని మామగారి దగ్గరికి వచ్చింది.

"నీళ్ళు మళ్ళీ వాసనేస్తున్నాయి మామయ్యా" అంది. "పది రోజుల కిందట పోయిన వాసన మళ్ళీ వచ్చింది. ఎందుకని?"

ఆయన గ్లాసు అందుకున్నాడు. మందు ఘాటు ముక్కుకి తగిలింది. మూడు వీధులకీ చేరింది కాబోలు. నేనే తిప్పానమ్మా అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాడు. పిల్ల ముక్కు మూసుకోవడం, నాబ్ పాతికకి తిప్పడం, సౌండు మెత్తగా ఉందని ఆ అమ్మాయి అడగడం, తను వినపడుతోందని బొంకడం, ఏదీ దాచలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

కోడలు నిలబడే విన్నది. అంతా అయ్యాక తల వంచుకుని ఏదో అంది. ఆయనకి పెదాలు కనపడలేదు.

"గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. "నాకు చెవుడు."

ఆమె తలెత్తింది. వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"ఆ మాట ముందే చెప్పుంటే, ఆ గదిలో చెవులున్నవాళ్ళని పెట్టేవాళ్ళు కదా మామయ్యా!"

ఈసారి ఆయనకి ప్రతి అక్షరం వినపడింది.